ఎలెన్ టెర్రీ ఉత్తరాలు – మా అమ్మీ ట్రంకు పెట్టె

2021లో మా అమ్మీ కన్ను మూసింది. నలభయ్యవ దినం ఫాతెహా ముగిసి, బంధువులు ఎవరి ఊళ్లకు వారు వెళ్లిపోయిన పిమ్మట, ఆమె వస్తువులను సర్దే పని నామీదా మా ఆపామీదా పడ్డది. ట్రంకు పెట్టె అడుగున, రంగు వెలసిన దుపట్టాలో చుట్టి ముడి వేసిన ఉత్తరాల కట్ట ఒకటి కనిపించినది. అన్నిటి మీదా కువైట్ తపాలా బిళ్లలే. మా అబ్బా 1994 నుండి 2006 వరకు అక్కడ ఒకరి ఇంట డ్రైవరుగా పనిచేస్తూ వ్రాసిన ఉత్తరాలవి. పన్నెండేళ్లలో వచ్చిన వాటిలో అమ్మీ ఒక్కటి కూడ పారవేయలేదు.

ఆపా ముడి విప్పబోయినది. నేను వద్దన్నాను. భార్యాభర్తల ఉత్తరాలు బిడ్డలు చదవరాదన్నాను. “అమ్మీ మనకు చదివి వినిపించినవే కదరా ఇవన్నీ” అన్నది ఆపా. అయినా నేను ఒప్పుకోలేదు. ఆనాడు నేను చెప్పిన కారణం మర్యాదకు సంబంధించినది; చెప్పని కారణం వేరొకటున్నది. ఉర్దూ నా నోటికి పుట్టుకతో వచ్చినదే గాని కంటికి రాలేదు. తెలుగు మాధ్యమంలో చదివి, తెలుగులోనే ఎం.ఏ. చేసి, తెలుగు పాఠాలు చెప్పి జీవిస్తున్న వాడిని. మన సంచికలో కుడిప్రక్క నుండి మొదలయ్యే పుటలను నేనెంత కూడబలుక్కుని చదువుతానో నా సహాధ్యాపకులు ఎరుగుదురు. ఆపా మాత్రం గడగడ చదువుతుంది. ఆమె చదువుతూ ఉంటే నేను మళ్లీ ఆరేళ్ల పిల్లవాడిలా ప్రక్కన కూర్చుని వినవలసి వస్తుందన్న సంకోచం నాకుండినది. కట్ట మళ్లీ పెట్టెలోకి వెళ్లినది. కొంతకాలం మా ఇద్దరి మధ్య మాటలు కూడ తగ్గినవి.

ఆ తరువాత కొన్ని నెలలకు, నాటక చరిత్రపై విద్యార్థులకు ఏదైనా కొత్త విషయం చెబుదామన్న కోరికతో, ఆంగ్ల శాఖలోని ఒక మిత్రుని పుస్తకాల బీరువా వెదుకుతుంటే, 1931లో వెలువడిన ఒక ఉత్తరాల సంపుటం చేతికి తగిలినది. ఎలెన్ టెర్రీ అనే నటీమణికీ, నాటకకర్త బెర్నార్డ్ షాకూ మధ్య జరిగిన ఉత్తర ప్రత్యుత్తరాలు. షా పేరు వినని విద్యార్థి మన కళాశాలలో ఉండడు. ఎలెన్ టెర్రీని మాత్రం మనం మరచిపోయాము. నటుల గతి సాధారణంగా అంతే. వ్రాసినవాడు గ్రంథాలయంలో మిగులుతాడు, ఆడినవారు ఆనాటి ప్రేక్షకులతోనే పోతారు. ఎలెన్ టెర్రీ విషయంలో ఒక తేడా ఉన్నది. ఆమె ఉత్తరాలు మిగిలినవి. వేలకొలది మిగిలినవి. 2010 నుండి కాథరిన్ కాకిన్ అనే పరిశోధకురాలు వాటిని సంపుటాలు సంపుటాలుగా అచ్చువేస్తూ వచ్చినది.

ఆమె 1847లో కోవెంట్రీ పట్టణంలో పుట్టినది. అది ఆమె తల్లిదండ్రుల స్వస్థలం కాదు. వారు ఊరూరా తిరిగి నాటకాలాడే నటులు. ఆ వారం అక్కడ నాటకమున్నది కనుక బిడ్డ అక్కడ పుట్టినది. మా ఉమ్మడి కడప జిల్లాలోని సురభి గ్రామంలో 1885లో ‘కీచక వధ’తో అంకురించిన సురభి కుటుంబాలలో కూడ ఇటువంటి జననాలు ఎన్నో. రంగస్థలం మీద పాకుతూ పెరిగిన పసివారిని మనవారు చూచి ఉన్నారు కనుక, 1856 ఏప్రిల్‌లో తొమ్మిదేళ్ల ఎలెన్ షేక్‌స్పియర్ నాటకంలో రాకుమారుని వేషంతో లండను వేదిక ఎక్కినదంటే మనకు ఆశ్చర్యం కలుగదు. 1878 చివర హెన్రీ ఇర్వింగ్ అనే మహానటుని లైసియమ్ నాటకశాలలో చేరినది. హామ్లెట్‌లో ఒఫీలియా, ‘మర్చెంట్ ఆఫ్ వెనిస్’లో పోర్షియా, 1888లో లేడీ మాక్బెత్ – ఇంచుమించు పాతికేళ్లు వారిరువురూ ఆంగ్ల రంగస్థలాన్ని ఏలినారు. సముద్రం దాటి అమెరికాలో కూడ పలుమార్లు పర్యటించినారు.

విక్టోరియా రాణి గతించి ఏడవ ఎడ్వర్డు గద్దె ఎక్కిన 1901 నుండి 1910 వరకు గల కాలమే మన ప్రస్తుత విషయానికి ముఖ్యం. ఆ దశాబ్దం మొదలయ్యేనాటికి ఆమెకు దాదాపు యాభైనాలుగేళ్లు. 1902లో లైసియమ్‌లో ఆమె ఇర్వింగ్‌తో చివరిసారి నటించినది. 1903లో తన కుమారుడు గోర్డన్ క్రెయిగ్ ప్రతిభపై నమ్మకంతో ఇంపీరియల్ అనే నాటకశాలను సొంతంగా తీసుకుని, ఇబ్సెన్ నాటకమొకటి ప్రదర్శించినది. క్రెయిగ్ ఆ తరువాత రంగాలంకరణలో ప్రపంచ ప్రఖ్యాతి పొందినవాడే. కాని ఆ సంవత్సరం తల్లి డబ్బు నీళ్ల పాలయినది. ఆ నష్టం పూడ్చుకోవటానికి ఆమె బృందాన్ని వెంటబెట్టుకుని మళ్లీ ఊళ్లమీద పడ్డది. ప్రేక్షకులకు ఆమె రాణి. అప్పులవాళ్లకు మాత్రం ఆమె ఇంకా పనిచేయవలసిన మనిషి.

ఆనాటి ఇంగ్లండులో పర్యటన నాటక బృందాల జీవితం ఎట్టిదో విద్యార్థి మిత్రులు ఊహించుకోవలెను. సోమవారం నుండి శనివారం వరకు ఒక ఊళ్లో ఆట. ఆదివారం రైలు. సామానులు, తెరలు, దుస్తుల పెట్టెలు, నటులు అంతా కలిసి మరొక ఊరికి. క్రూ అనే పెద్ద రైల్వే కూడలిలో ఆదివారాలలో ఉత్తరానికి పోయే బృందమూ దక్షిణానికి పోయే బృందమూ ఎదురుపడి, ప్లాట్‌ఫారం మీదనే యోగక్షేమాలు విచారించుకునేవట. చిన్న నటులు నటులకు గదులు అద్దెకిచ్చే ఇళ్లలో దిగేవారు. పెద్ద నటులు హోటళ్లలో. ఏ ఊళ్లోనైనా ఉన్నది ఆరు రాత్రులు. అటువంటి వారికి స్థిరమైన చిరునామా ఒక్కటే, నాటకశాల వెనుక ద్వారం. అక్కడి కావలివాని గదిలో ఉత్తరాలు వచ్చి కాచుకుని ఉండేవి. ఏ బృందం ఏ వారం ఏ ఊళ్లో ఉన్నదో ‘ది ఎరా’, ‘ది స్టేజ్’ అనే వృత్తి పత్రికలు ప్రకటించేవి కనుక, వ్రాయదలచినవారికి ఊరు పేరు దొరకడం కష్టం కాదు.

తపాలా కూడ ఆ కాలంలో చురుకైనది. 1840 నుండి ఒక పెన్నీకి దేశంలో ఏ మూలకైనా ఉత్తరం పోయేది. లండను నడిబొడ్డున రోజుకు పలుమార్లు బట్వాడా ఉండేది; ఉదయం వ్రాసిన దానికి సాయంత్రానికి జవాబు రావచ్చు. 1902లో కార్డు వెనుక భాగాన్ని రెండుగా విభజించి, ఒక సగంలో చిరునామా, రెండవ సగంలో సమాచారం వ్రాయవచ్చునని అనుమతించినారు. ముందు వైపంతా బొమ్మకే మిగిలినది. అంతే, నటీమణుల బొమ్మల కార్డులు దేశాన్ని ముంచెత్తినవి. ఎలెన్ టెర్రీ బొమ్మ మీద ఏ పనిపిల్ల తన తల్లికి ‘క్షేమం’ అని వ్రాసినదో, ఆ కార్డులు ఏ ఇంటి గూట్లో నిలిచినవో! నాకు ఈ ఊహ చాలా నచ్చినది.

ఎలెన్ టెర్రీ ఉత్తరం వ్రాసే తీరును గురించి చెప్పక తప్పదు. ఆమె బడికి పోయి చదువుకున్నది కాదు. వాక్యానికీ వాక్యానికీ మధ్య అడ్డగీతలు. నొక్కి చెప్పవలసిన మాట క్రింద ఒక గీత, ఇంకా నొక్కి చెప్పాలంటే రెండు. వేదిక మీద చేతితో చేసే అభినయం కాగితం మీద గీతలుగా మారినది. ఒక ప్రక్క నవ్వు, ఆ వెంటనే అలసట, అంతలో ఎవరో పిలుస్తున్నారని ముగింపు. వేషం వేసుకుంటూ, రైలు కదలబోతుండగా, అంకానికీ అంకానికీ నడుమ వ్రాసిన ఉత్తరాలు అవి. షా ఉత్తరాలు వాదనలో ఆరితేరిన ప్లీడరు కాగితాల వంటివి; చదివితే మెచ్చుకుంటాము. ఆమెవి చదివితే మనిషి ఎదురుగా కూర్చున్నట్లుంటుంది. ఇది నా అభిప్రాయం. ఆంగ్ల శాఖ మిత్రుడు ఒప్పుకోడు.

వారిరువురి పరిచయం 1892లో చిత్రంగా మొదలయినది. తనకు తెలిసిన ఒక యువ గాయని విషయమై ఎలెన్ ఒక పత్రికా సంపాదకునికి వ్రాస్తే, ఆయన ఆ ఉత్తరాన్ని తన సంగీత విమర్శకునికి పంపినాడు. ఆ విమర్శకుడే షా. మళ్లీ 1895 నుండి ఉత్తరాలు జోరందుకున్నవి. షా అప్పటికి నాటక విమర్శకుడయి, ఇర్వింగ్‌ను వారం వారం దుయ్యబడుతున్నాడు. ఎలెన్ ఇర్వింగ్ కంపెనీలో ప్రధాన నటి. అంటే యజమానిని తిట్టేవానితో ఆమె స్నేహం నడిపినదన్నమాట! తన కోసం షా వ్రాసిన ఒక చిన్న నాటకాన్ని ఇర్వింగ్ చేత ఆడించాలని రెండేళ్లు ప్రయత్నించినది కూడ. 1897లో అది తిరిగి వచ్చినది. 1896లో ‘సింబెలీన్’ నాటకంలో ఇమొజెన్ పాత్రకు ఆమె సిద్ధపడుతున్నప్పుడు, ఏ మాట ఎక్కడ విరవాలో, తల లేని శవం ప్రక్కన కన్ను తెరిచే ఘట్టంలో మనసు ఏ క్రమంలో మేలుకోవాలో షా ఉత్తరాల ద్వారా చర్చించినాడు. ఒక నటికి తపాలా మూలంగా జరిగిన ఇటువంటి శిక్షణ నేను మరెక్కడా చదవలేదు. ఆమె కొన్ని స్వీకరించినది, కొన్నిటికి ఎదురు వాదించినది.

ఈ మొత్తం కాలంలో వారు ఒకరినొకరు కలుసుకోలేదు! ఒకే నగరంలో ఉండి, ఆమె వేదిక మీద, అతడు ప్రేక్షకులలో కూర్చుని కూడ, ముఖాముఖి మాట్లాడలేదు. కలిస్తే ఉత్తరాలలోని మనుషులు చెదిరిపోతారని ఇద్దరికీ భయం. మొదటిసారి ఎదురుపడింది 1900 డిసెంబరులో. ఆ తరువాత ఉత్తరాలు పలచబడ్డవి. కలుసుకోవడమే కారణమని కొందరంటారు. నాకు అంత నమ్మకం లేదు; షాకు 1898లోనే పెళ్లయినది, ఆమెకు ఊళ్లు తిరిగే పని ఎక్కువయినది. ఉత్తరాలు పలచబడటానికి ఇవి చాలవా? మా ఇంట్లో కూడ 2002 ప్రాంతంలో ఫోను వచ్చిన తరువాత ఉత్తరాలు పలచబడ్డవి. దానికెవరూ సిద్ధాంతం చెప్పలేదు.

1905 అక్టోబరు 13న హెన్రీ ఇర్వింగ్ బ్రాడ్‌ఫర్డ్ పట్టణంలో ‘బెకెట్’ నాటకం ముగించి, హోటలుకు తిరిగి వచ్చి, ముందు హాలులోనే ప్రాణం విడిచినాడు. అరవయ్యేడేళ్ల వయస్సులో, సర్ బిరుదు పొందిన మొదటి నటుడు, ఊరు కాని ఊళ్లో, హోటలు కుర్చీలో. ఆ సంవత్సరం మొదట్లోనే అతడు వుల్వర్‌హాంప్టన్‌లో జబ్బు పడితే ఎలెన్ వెళ్లి చూచి వచ్చినది. ఈసారి వెళ్లటానికి వ్యవధి లేదు. ఆమె అప్పుడు మాంచెస్టరులో మరొక నాటకం ఆడుతున్నది. మరునాడు కూడ వేదిక ఎక్కినది. గడిచిపోయిన యౌవనాన్ని గురించిన మాటలు వచ్చేసరికి గొంతు పెగలలేదు; తెర దించవలసి వచ్చినది. ఒకే దేశంలో, ఒకే వృత్తిలో, పాతికేళ్ల సహచరులు. అతని ఆఖరి రాత్రి వారి మధ్య గల దూరం ఒక రైలు ప్రయాణం. పర్యటన నటుల బ్రతుకు అనే మాట నాకు ఆ పుట దగ్గర అర్థమయినది. మా తాత పోయినప్పుడు అబ్బా కూడ రాలేకపోయినారు. పాస్‌పోర్టు యజమాని వద్ద ఉండినది. మట్టికి అందలేకపోయానని తరువాత వ్రాసినారు.

1906లో ఆమె రంగస్థల జీవితానికి యాభై ఏళ్లు నిండినందుకు డ్రూరీ లేన్ నాటకశాలలో గొప్ప ఉత్సవం చేసినారు. అదే ఏడు, షా తన కోసమే 1899లో వ్రాసిన ‘కాప్టెన్ బ్రాస్‌బౌండ్స్ కన్వర్షన్’లో ఆమె కథానాయిక పాత్ర ధరించినది. మొదట వ్రాతప్రతి చదివినప్పుడు ఇది తనకు తగదని జవాబు వ్రాసిన నాటకమే అది. ఏడేళ్లు ఆలస్యంగా, మాటలు జ్ఞాపకం ఉండక అవస్థ పడుతూ ఆడినది. 1907లో దానినే అమెరికాకు తీసుకువెళ్లి, ఆ పర్యటన మధ్యలో పిట్స్‌బర్గులో తన బృందంలోని జేమ్స్ కారూ అనే నటుని పెళ్లి చేసుకున్నది. ఆమెకు అరవై, అతనికి ముప్పై ఒకటి. కూతురు ఈడిత్ ఆ పర్యటనలోనే రంగస్థల నిర్వాహకురాలుగా తల్లి వెంట ఉన్నది.

నాటకాలు తగ్గిన తరువాత ఆమె షేక్‌స్పియర్ పాత్రల మీద ఉపన్యాసాలిస్తూ తిరిగినది. 1910లో అమెరికా, 1914లో ఆస్ట్రేలియా. ఆమె ఉపన్యాసాలు నాలుగు 1932లో పుస్తకంగా వచ్చినవి. అందులో ఒకటి నన్ను పట్టి ఆపినది. దాని విషయం షేక్‌స్పియర్ నాటకాలలోని ఉత్తరాలు. జీవితమంతా ఉత్తరాలు వ్రాసిన మనిషి, వేదిక మీద తాను చేతపట్టుకున్న ఉత్తరాలను గురించి మాట్లాడినదన్నమాట. లేడీ మాక్బెత్ రంగప్రవేశమే ఉత్తరం చదువుతూ. పోర్షియా ఎదుటనే ఆమెకు కాబోయే భర్తకు స్నేహితుని ఆపద తెలిపే ఉత్తరం వస్తుంది. ఇమొజెన్‌కు తన చావును ఆజ్ఞాపించే భర్త ఉత్తరం చూపిస్తారు.

విద్యార్థులకు ఈ సంగతి చెబుతూ ఒక ప్రశ్న వేశాను: వేదిక మీద నటి చదివే ఉత్తరంలో ఏమి వ్రాసి ఉన్నదో ప్రేక్షకునికి ఎట్లా తెలుస్తుంది? ఆమె చదివినదే తెలుస్తుంది. లేడీ మాక్బెత్ ఉత్తరం మధ్యలో నుండి చదువుతూ వస్తుంది. పై భాగంలో ఏమున్నదో మనకు ఎన్నటికీ తెలియదు. బల్ల చివర కూర్చున్న ఒక విద్యార్థిని లేచి, “మరి ఆమె కొంత వదిలిపెట్టి చదివి ఉంటే సార్?” అని అడిగినది. తరగతి నవ్వినది. నేను నవ్వలేకపోయాను.

మా ఇంట్లో ఉత్తరం వచ్చిన రోజు రాత్రి భోజనాల తరువాత అమ్మీ లాంతరు ప్రక్కన కూర్చునేది. కరెంటు ఉన్నా ఉత్తరానికి లాంతరే. బాద్ సలామ్ అని మొదలుపెట్టి నెమ్మదిగా చదివేది. ఎడారిలో చలి, యజమాని పిల్లల అల్లరి, పెట్రోలు చవుక, గదిలో తొమ్మిది మంది, ఒక్కొక్కరి వంట ఒక్కొక్క రోజు. మా ఇద్దరికీ చివరన చెరి ఒక వాక్యం ఉండేది. నాకు ఎప్పుడూ లెక్కలను గురించే. మధ్య మధ్య అమ్మీ ఆగేది. కళ్లు కాగితం మీద కదిలేవి, నోరు కదిలేది కాదు. “చదువు అమ్మీ” అని మేము తొందరపెడితే, “అక్షరం సరిగా లేదురా, మీ అబ్బా రాత కోడి గీసినట్టుంటుంది” అనేది. అబ్బా దస్తూరి ముత్యాల కోవ అని మా బంధువులందరూ చెప్పేవారు. ఆ రెండు సంగతులూ నా తలలో ఎన్నో ఏళ్లు ప్రక్కప్రక్కనే ఉండినవి. అవి ఒకదానినొకటి తాకలేదు. ఆ విద్యార్థిని ప్రశ్న దాకా తాకలేదు.

ఇక ఎలెన్ టెర్రీ ఉత్తరాలు అచ్చయిన వైనం చెప్పవలెను. మా ఆపాకూ నాకూ జరిగిన తగవు నాకక్కడ మళ్లీ ఎదురయినది.

ఎలెన్ 1928 జులై 21న కెంట్ ప్రాంతంలోని తన స్మాల్‌హైత్ ఇంట మరణించినది. షా ఆమెకు వ్రాసిన ఉత్తరాలు ఆమె దాచుకున్న వాటిలో ఉన్నవి. ఆమె వ్రాసినవి షా వద్ద ఉన్నవి. న్యాయం ఏమనగా, ఉత్తరం కాగితం అందుకున్నవారి సొత్తు. అందులోని మాటలు వ్రాసినవారి సొత్తు. కనుక ఏ ఒక్కరూ తామై అచ్చువేయలేరు. ఇరుపక్షాల సమ్మతి కావలెను. షా కూడ మొదట సుముఖుడు కాడు. కూతురు ఈడిత్ ప్రకటించుదామన్నది. కొడుకు గోర్డన్ క్రెయిగ్ కూడదన్నాడు. తల్లి ఆంతరంగిక జీవితాన్ని బజారున పెట్టడమని అతని అభియోగం. చివరకు 1931లో షా పీఠికతో పుస్తకం వచ్చినది. ఆమె పక్షాన దానిని సంపాదకత్వం చేసినది ఈడిత్ జీవిత సహచరి క్రిస్టొఫర్ సెయింట్ జాన్.

చదువుతున్నంతసేపూ నేను క్రెయిగ్ పక్షమే. అతడు అన్న మాటే గదా నేను ఆపాతో అన్నది! కాని అతడు తరువాత ఏమి చేసినాడో తెలిసి నా పక్షం కాస్త కదిలినది. అదే 1931లో అతడు తల్లిని గురించి తానే ఒక పుస్తకం వ్రాసి అచ్చువేసినాడు. దాని పేరులోనే ఆమె రహస్య స్వరూపం అన్న అర్థం ఉన్నది. దానికి అనుబంధంగా షాను ఎత్తిపొడుస్తూ ఒక చిన్న పుస్తకం. లోకమెరిగిన ఎలెన్ టెర్రీ వేరు, నా తల్లి ‘నెల్లీ’ వేరు, ఆ నెల్లీని నేనే ఎరుగుదునని అతని వాదం. అంటే అతనికి అభ్యంతరం తల్లి రహస్యం వెల్లడి కావడం కాదు. మరొకరి చేతిమీదుగా వెల్లడి కావడం. కొడుకు పుట్టినప్పటి నుండి ఆమె అతని కోసం వెచ్చించిన డబ్బు, ఇంపీరియల్ నాటకశాలలో పోగొట్టుకున్నది, ఊళ్లు తిరిగి సంపాదించి పంపినది తలచుకుంటే, అతనికి తల్లిపై ఎంత హక్కున్నదో అంత బాకీ కూడ ఉన్నది. ఈడిత్ సంగతి వేరు. ఆమె తల్లి దుస్తులు కుట్టినది, రైళ్లలో తిరిగినది, తెర ఎత్తించినది, దించినది. తల్లి చనిపోయిన మరుసటి ఏటి నుండి స్మాల్‌హైత్ పాత ధాన్యపు కొట్టంలో ఏటేటా స్మారక ప్రదర్శనలు జరిపించినది. 1939లో ఆ ఇంటిని నేషనల్ ట్రస్టుకు అప్పగించినది. ఆమెకు ఉత్తరాలు చదివితే తల్లి చెడిపోతుందన్న భయం లేదు. తల్లి అలసట ఆమె కళ్లారా చూచినదే.

మా ఆపా కూడ అంతే. నేను తిరుపతిలో హాస్టల్‌లో ఉండి చదువుకుంటున్న కాలంలో అమ్మీ వెంట ఆసుపత్రులకు తిరిగినది ఆపా. అబ్బా తిరిగి వచ్చిన తరువాత ఆయన దగ్గు విని రాత్రులు మేల్కొన్నది ఆపా. నాకు మర్యాద గుర్తుకు వచ్చినది గాని ఈ లెక్క గుర్తుకు రాలేదు. అబ్బా నన్ను ఎప్పుడూ లెక్కల గురించే ఎందుకు అడిగేవారో!

పోయిన రంజాను పండుగకు నేను కడప వెళ్లాను. షీర్‌ఖుర్మా త్రాగి, పిల్లలకు ఈదీలు పంచి, మధ్యాహ్నం ఇల్లు సద్దుమణిగిన తరువాత, నేనే ట్రంకు పెట్టె తెరిచి కట్ట తీసి ఆపా ముందుంచాను. ఆమె నా ముఖం వంక ఒకసారి చూచి, ఏమీ అడగకుండా ముడి విప్పినది. పైనున్న ఉత్తరం తీసింది. 1997 నాటిది. కాగితం మడతల దగ్గర పలచబడి, అవతలి వెలుతురు కనిపిస్తున్నది. అబ్బా దస్తూరి నేను విన్నట్లే ముత్యాల కోవ. కొట్టివేత లేదు, వంకర లేదు.

ఆపా చదవటం మొదలుపెట్టినది. సలాములు, క్షేమ సమాచారాలు, చలి, యజమాని చిన్న కొడుక్కి సైకిలు నేర్పిన సంగతి. ఇవన్నీ నాకు గుర్తున్నవి. సైకిలు సంగతి విని నేను అసూయతో ఏడ్చానని కూడ గుర్తున్నది. అక్కడ ఆపా ఆగినది. కళ్లు కాగితం మీద కదిలినవి, నోరు కదలలేదు. అచ్చం అమ్మీ ఆగినట్లే.

“ఏమిటి ఆపా?”

“ఇక్కడి నుండి పిల్లలకు చదవవద్దు అని వ్రాసినారు అబ్బా.”

ఆమె వేలు పెట్టి చూపినది. నేను ముందుకు వంగి, కుడి నుండి ఎడమకు ఒక్కొక్క అక్షరమే కూడుకున్నాను. నాలుగు నెలలుగా జీతం ఇవ్వలేదు అన్నంత వరకు నాకే వచ్చినది. తరువాతి వాక్యం పొడవుగా ఉన్నది. అందలేదు.

“చదువు ఆపా” అన్నాను.